కంపిత గమకము: తంత్రిపై వ్రేలు నేర్చిన విద్య



తీగపై నొక స్వరమును పలికించుట యొక విద్య. పలికిన స్వరమును కదలించుట మఱియొక విద్య. మొదటిదానిని శిష్యుడు కొలది మాసములలో నేర్చుకొనును. రెండవదానికి సంవత్సరములు పట్టును. ఆ కదలికకు మన శాస్త్రములందు గమకమని పేరు. అందు వణకువంటి కదలికకు కంపితమని పేరు. పాశ్చాత్యులు తమ ఫిడేలుపైనను, ఫిడేలుకు పెద్దన్నయన దగిన డబుల్ బేసుపైనను వ్రేలిని ఊగించి యిట్టి కంపమునే పుట్టింతురు. దానిని వారు ఇటలీ దేశపు మాటతో వైబ్రాటో యందురు. ఈ విద్య శాస్త్రమునకు ఎప్పుడెక్కినది, చేతికెట్లు వచ్చినది, మన పల్లెలలో దాని గతి యేమి అనునది నేటి ప్రసంగమునకు విషయము.

మర్రిగూడవంటి మెట్టసీమ గ్రామమున కూర్చుండి దీనిని చదువువారు “ఆ పరదేశపు వాద్యమునకును మాకును సంబంధమేమి?” యని యడుగవచ్చును. అడుగుట న్యాయమే. ఆ సంబంధము మర్రిగూడకు ఉత్తరముననున్న రాచకొండ గుట్టలనుండియే ఆరంభమగుచున్నది.

క్రీ. శ. 1323లో కాకతీయ సామ్రాజ్య మస్తమించిన పిమ్మట రేచెర్ల పద్మనాయకులు రాచకొండను రాజధానిగా జేసికొని యీ సీమ నేలిరి. వారి శాఖయే దక్షిణమున దేవరకొండ నేలినది. మర్రిగూడ ఈ రెండు దుర్గములకును నడుమనున్న ఊరు. రాచకొండ ప్రభువులలో సర్వజ్ఞ బిరుదు వహించిన సింగభూపాలుడు పదునాలుగవ శతాబ్దమున ప్రసిద్ధుడు. సంస్కృతమున రసార్ణవసుధాకరమను అలంకారశాస్త్ర గ్రంథమును రచించినవాడు ఆయనయే. సంగీతరత్నాకరమునకు సంగీతసుధాకరమను వ్యాఖ్యను రచించిన సింహభూపాలుడును ఆయనయేయని సాహిత్యచరిత్రకారులు పెక్కురు తలంచుచున్నారు. రత్నాకరము పదుమూడవ శతాబ్దమున దేవగిరి యాదవరాజగు సింఘణుని ఆశ్రయమున శార్ఙ్గదేవుడు రచించిన గ్రంథము. దానికి మనకు లభించిన ప్రాచీనవ్యాఖ్యలలో ఈ సుధాకర మొకటి. తరువాత పదునైదవ శతాబ్దమున విజయనగరమున కల్లినాథుడు కళానిధియను మఱియొక వ్యాఖ్య వ్రాసెను. ఈ రెండు వ్యాఖ్యలతోడను మూలమును అడయారు గ్రంథాలయమువారు 1943వ సంవత్సరము మొదలుకొని 1953 వఱకు నాలుగు సంపుటములుగా ముద్రించిరి. నేడు కోటగోడలు శిథిలమైయున్న గుట్టలపై నొకప్పుడు స్వరము ఎట్లు కదలవలయునో విచారించిన సభ యుండెనని తలంచుట మనకు గౌరవకరమైన విషయము.

ఆ గ్రంథము గమకమునకు చెప్పిన లక్షణము మిక్కిలి సులభము. వినువారి మనస్సునకు సుఖము గూర్చునట్టి స్వరకంపమే గమకమని దాని తాత్పర్యము. ఇందు రెండు షరతులున్నవి. స్వరము కదలవలెను. ఆ కదలిక వినువానికి సుఖము గూర్పవలెను. కదలినంత మాత్రముననే గమకము కాదు. చలిజ్వరము వచ్చినవాని కంఠమును వణకును గాని దానిని గమకమనము.

శార్ఙ్గదేవుడు గమకములు పదునైదని లెక్కించి, వానిలో కొన్నిటికి వేగమునుబట్టి భేదము చెప్పినాడు. ద్రుతమను కాలములో నాలుగవ వంతు వేగమున కంపించినది తిరిపము. మూడవ వంతున కంపించినది స్ఫురితము. సగమున కంపించినది కంపితము. పూర్తి ద్రుతమంత నిదానముగా కదలినది లీనము. లఘువంత నిదానముగా ఊగినది ఆందోళితము. రెండు ద్రుతములొక లఘువు. ఐదు హ్రస్వాక్షరముల నుచ్చరించు కాలము లఘువని వారి మానము. మనము సామాన్యముగా మాటలాడు తీరున ఐదు హ్రస్వాక్షరములకు రమారమి ఒక సెకండు పట్టునని లెక్కకై అనుకొందము. అప్పుడు కంపితము సెకండునకు నాలుగు మారులు, స్ఫురితము ఆరు మారులు, తిరిపము ఎనిమిది మారులు కదలినట్లగును. ఇది మోటుగా వేసిన అంచనాయే. అయినను దీనిని మనసున నుంచుకొనవలెను. 1930 ప్రాంతమున అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున కార్ల్ సీషోర్ అను మనశ్శాస్త్రజ్ఞుడు గాయకుల కంఠములను, ఫిడేలు వాద్యకుల స్వరములను యంత్రములతో కొలిచి చూచెను. పేరుగన్న విద్వాంసుల కంపము సెకండునకు సుమారు ఆరేడు మారులని తేలినది. ఏడు శతాబ్దములకు పూర్వము అక్షరములను లెక్కించి చెవితో కొలిచిన కొలతయు, యంత్రముతో కొలిచిన కొలతయు నించుమించుగా నొకచోటికే వచ్చుట గమనింపదగినది.

ఇక తీగపై నీ కంపము పుట్టు విధమును చూతము. తీగ పొడవు తగ్గినచో స్వరము హెచ్చును. పొడవు పెరిగినచో స్వరము తగ్గును. బిగువు పెరిగినచో స్వరము హెచ్చును. కావున స్వరమును కదలించుటకు రెండే దారులున్నవి. తీగ పొడవునైనను మార్చవలెను, బిగువునైనను మార్చవలెను. మెట్లుగల వాద్యములలో పొడవును మెట్టే నిర్ణయించును గనుక వైణికుడు తీగను మెట్టుపై ప్రక్కకు లాగి బిగువును మార్చును. మెట్లులేని ఫిడేలులో వ్రేలే మెట్టు గనుక ఆ వ్రేలు ముందునకును వెనుకకును కదలి పొడవును మార్చును.

మెట్లవాద్యమునకు మన సీమలోనే సొంతమైన ఉదాహరణమున్నది. అది కిన్నెర. వెదురుబొంగును దండిగా గైకొని, దానిక్రింద సొరకాయ బుఱ్ఱలు కట్టి, దానిపై మెట్లను తేనెమైనముతో నతికించి చేయు వాద్యమిది. రత్నాకరమునందు చిన్నకిన్నరి, పెద్దకిన్నరి యని దీని పూర్వరూపములు వర్ణింపబడినవి. ఎముకతో చేసిన మెట్లను మైనముతో నిలుపుట అందును చెప్పబడినది. సభలలోని వీణకును నేటికి మెట్లను నిలుపునది మైనమే. దొరల కొలువునందలి వీణయు, ఊరి వెలుపల మోగిన కిన్నెరయు నొక్క తల్లి బిడ్డలేయని ఈ మైనమే సాక్ష్యము చెప్పుచున్నది. పాలమూరు, నల్లగొండ సీమలలో డక్కలివారు తరతరములుగా కిన్నెర మీటుచు జాంబపురాణమును, వీరుల కథలను పాడిరి. వారు ఊరిలోనికి రాదగదని పూర్వము కట్టడి చేసినవారము మనమే. ఆ చేతులలోని విద్యను మాత్రము దూరమునుండి విని సంతసించితిమి. నాగర్‌కర్నూలు జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్యగారికి పన్నెండు మెట్ల కిన్నెర వాయించినందులకై 2022లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుద మిచ్చినది. ఈ గౌరవము వాద్యమునకు బహుకాలము ఆలసించి లభించినది.

మెట్లులేని విల్లువాద్యము మన సంగీతసభలలో స్థిరపడి రెండువందల యేండ్లు దాటినది. ముత్తుస్వామి దీక్షితులకు తమ్ముడగు బాలస్వామి దీక్షితులు 1786లో జన్మించెను. మదరాసు చెంత మణలి గ్రామపు ముదలియార్ల ఆదరణలో నుండగా ఆయన ఒక ఐరోపావాసి యొద్ద ఫిడేలు నభ్యసించి, దానిపై మన రాగములను పలికించెను. తరువాత ఎట్టయాపురము ఆస్థానమున విద్వాంసుడయ్యెను. అదే కాలమున తంజావూరు సోదరులలో నొకడగు వడివేలు ఈ వాద్యమున ప్రవీణుడై తిరువాన్కూరు మహారాజగు స్వాతి తిరునాళ్ చేత 1834లో దంతపు ఫిడేలును బహుమానముగా పొందెను.

ఈ వాద్యము మన చేతికి వచ్చినప్పుడు మనవారు దాని రూపమును మార్చలేదు. పట్టుకొను తీరును మార్చిరి. ఐరోపావారు నిలిచిగాని కుర్చీపై గూర్చుండిగాని గడ్డమునకును భుజమునకును నడుమ దానిని నొక్కి పట్టుదురు. మనవారు నేలపై బాసికపట్టు వేసికొని కూర్చుండి, వాద్యపు తలను కుడికాలి మడమపై నానించి, మొదలును ఎడమ ఱొమ్మునకు చేర్చిరి. వాద్యము ఈ రెండు చోట్ల నిలిచినందున దానిని మోయు పని ఎడమచేతికి తప్పినది. మోత తప్పిన చేయి తీగవెంట పైకిని క్రిందికిని స్వేచ్ఛగా జారగలిగినది. గమకమునకు కావలసిన స్వేచ్ఛ ఇదియే. సభలో నేలపై గూర్చుండు ఆచారమే ఒక సంగీతసాధనమైనదని చెప్పవచ్చును.

ఐరోపాలో నీ కంపమును గూర్చి నడచిన వాదమును కొంచెము చెప్పవలసియున్నది. 1751లో లండనున ముద్రితమైన తన ఫిడేలు గ్రంథమున జెమీనియానియను ఇటలీ విద్వాంసుడు కంపమును వీలయినంత తఱచుగా వాడుమని బోధించెను. ఐదేండ్లకు, 1756లో, లియోపోల్డు మొజార్టు తన గ్రంథమున ప్రతి స్వరమును వణకించువారు నిత్యము జ్వరము పట్టినవారివలె నున్నారని ఎగతాళి చేసెను. ఈయన ప్రసిద్ధ స్వరకర్తయగు మొజార్టునకు తండ్రి. తరువాత నూటయేబది యేండ్లకుపైగా ఈ తగవు నడచినది. ఇరువదవ శతాబ్దారంభమున ఫ్రిట్జ్ క్రైస్లర్ మొదలగువారు ఎడతెగని కంపముతో వాయించి గ్రామఫోను రికార్డులద్వారా లోకమునకంతకు దానిని అలవాటు చేసిరి. అంతకు పూర్వము స్వరమునకు అప్పుడప్పుడు పెట్టు నగయైన కంపము ఆనాటినుండి నిత్యము కట్టు వస్త్రమైపోయినది.

డబుల్ బేసు కథ ఇంకను విశేషమైనది. అది సుమారు ఆరడుగుల ఎత్తుగల వాద్యము. వాయించువాడు దాని ప్రక్కన నిలుచుండిగాని ఎత్తైన పీటపై గూర్చుండిగాని వాయించును. మదరాసు చలనచిత్రముల వాద్యబృందములలో పాటకు అడుగున గంభీరముగా మ్రోగుచుండిన నాదములలో దీని నాదమొకటి. దీని తీగ మోగు పొడవు రమారమి నూటయైదు సెంటీమీటర్లు. ఫిడేలు తీగ పొడవు ముప్పదిమూడు సెంటీమీటర్లకు మించదు. అనగా మూడింతల తేడా యున్నది. ఫిడేలుపై తీగ మొదట నొక అరస్వరపు దూరము రెండు సెంటీమీటర్లకు లోపుగా నుండగా డబుల్ బేసుపై ఆఱు సెంటీమీటర్ల దాపున నుండును. కావున ఒక్క మోతాదు కంపమునకే దీనిపై వ్రేలు మూడింతలు ప్రయాణము చేయవలెను. ఫిడేలుపై వ్రేలికొనను దొర్లించినచో చాలును. డబుల్ బేసుపై వ్రేలికొన చాలదు. మోచేతినుండి ముంజేయి యంతయు తిరుగలి పిడివలె కదలవలెను.

ఇంకొక చిక్కున్నది. దీని యడుగు తీగ సెకండునకు సుమారు నలుబదియొక్క మారు మాత్రమే స్పందించును. సెకండునకు ఆరు కంపములు పెట్టినచో ఒక్కొక్క కంపమునకు ఏడు స్పందనములైనను నిండుగా రావు. ఏడు స్పందనములలోపల స్వరము హెచ్చినదియు తగ్గినదియు చెవి పోల్చుకొనజాలదు. అదియంతయు ముద్దయై గరగర వినబడును. అందుచేత ఈ వాద్యమున అడుగు తీగలపై కంపము నిదానముగను వెడల్పుగను, పై తీగలపై వడిగను ఇఱుకుగను ఉండవలెనని గురువులు నేర్పుదురు. బోత్తెసీనియను ఇటలీ విద్వాంసుడు పందొమ్మిదవ శతాబ్దమున ఈ మొద్దు వాద్యముపై కంఠగానమువంటి గానమును పలికించి యూరపునంతను ఆశ్చర్యపరచెను.

శిష్యుడు దీనిని అభ్యసించు క్రమము మన పాఠక్రమమునకు దూరము కాదు. మొదట విల్లు ముట్టడు. ఒక వ్రేలిని తీగపై నుంచి, దండివెనుక బొటనవ్రేలిని బిగింపక తేలికగా నానించి, ముంజేతిని నిదానముగా క్రిందికిని మీదికిని ఊపును. తాళమునకు ఒక మారు, తరువాత రెండు మారులు, మూడు మారులు, నాలుగు మారులు. తాళము తప్పక కదలిక సమముగా వచ్చిన పిమ్మటనే విల్లు పట్టును. పిమ్మట కదలిక వెడల్పును క్రమముగా తగ్గించుకొనును. బొటనవ్రేలు బిగిసినచో చేయంతయు బిగియును. చేయి బిగిసినచో కంపము వణకుగా మారును. తొందరపడి మొదటనే వడిగా ఊపిన శిష్యుడు ఆ వణకును జన్మమంతయు వదల్చుకొనజాలడు. మన గురువులు సరళీవరుసలను మూడు కాలములలో పాడించి, జంటవరుసలలో రెండవ స్వరమును తట్టి పలికించి స్ఫురితమును అలవాటు చేయుట ఈ పద్ధతియే. తీరిక, తాళము, పునశ్చరణము అను మూడును ఏ దేశమునందైనను ఈ విద్యకు పునాదులు.

పోలిక ఇంతవఱకే. ఇకపై భేదమును చెప్పవలెను. పాశ్చాత్యుల కంపము ఒక స్వరముచుట్టును తిరుగును. స్వరమును విడువదు. అది స్వరమునకు రంగు వేయును గాని అర్థమును మార్చదు. కంపము లేకుండ వాయించినను వారి పాట ఆ పాటయే. మన గమకమట్లు కాదు. అది ఒక స్వరమునుండి బయలుదేఱి ప్రక్క స్వరమును తాకి వచ్చును. ఎంత దూరము పోవలెనో, ఎంత తడవు నిలువవలెనో రాగము నిర్ణయించును. తోడిరాగమున గాంధారమును ఊపక చదునుగా నిలిపినచో స్వరస్థానము తప్పకున్నను అది తోడి కాదు. అందుచేత వైబ్రాటో నేర్చిన చేతికి గమకము దానంతట రాదు. ఫిడేలును స్వీకరించిన మనవారు ఐరోపావారి కంపమును తెచ్చుకొనలేదు. వారి వాద్యముపై మన కంఠమును నిలిపిరి.

ఈ కార్యమును తెలుగునాట పరాకాష్ఠకు తెచ్చినవారు ద్వారం వేంకటస్వామినాయుడుగారు. ఆయన 1893 నవంబరు 8వ తేదీన బెంగుళూరున జన్మించి విశాఖపట్టణమున పెరిగిరి. అన్నగారగు వేంకటకృష్ణయ్యగారే మొదటి గురువు. చూపు మందగించినందున పాఠశాలచదువు సాగలేదు. చెవియు చేయియు ఆయనకు కన్నులైనవి. 1919లో విజయనగరమున మహారాజావారు సంగీతకళాశాలను స్థాపించి, హరికథాపితామహుడగు ఆదిభట్ల నారాయణదాసుగారిని అధ్యక్షులుగా నియమించిరి. అందు విద్యార్థిగా చేరగోరి ఇరువదియారేండ్ల ప్రాయమున వెళ్లిన నాయుడుగారి వాద్యమును విని, ఆయనను ఫిడేలునకు ఆచార్యునిగానే నియమించిరి. 1936లో ఆయనయే ఆ కళాశాలకు అధ్యక్షులైరి. 1941లో మదరాసు సంగీత విద్వత్సభవారు సంగీతకళానిధి బిరుదమును, 1957లో ప్రభుత్వమువారు పద్మశ్రీని ఇచ్చిరి. 1964లో ఆయన దివంగతులైరి.

నాయుడుగారు పాశ్చాత్య విద్వాంసుల నాదశుద్ధిని ప్రేమతో వినినవారు. 1952లో యెహూదీ మెనూహిన్ భారతదేశమునకు వచ్చినప్పుడు మదరాసులో న్యాయమూర్తి రాజమన్నారుగారి యింట నాయుడుగారి వాద్యమును విని మెచ్చుకొనెను. ఒక వాద్యముపై రెండు దేశముల విద్యలు ఆ నాడు ఎదురెదురుగా కూర్చుండినవి. పుట్టింటివారు వచ్చి, అత్తవారింట తమ బిడ్డ మాటలాడు భాష విని మురిసినట్లైనది.

వ్రేలినుండి వ్రేలికి పోవు ఈ విద్యను కాగితముపై పెట్టవచ్చునా యనునది పాత ప్రశ్న. ఆంధ్రుడని ప్రసిద్ధికెక్కిన సోమనాథుడు 1609లో ముగించిన రాగవిబోధమున వీణపై గమకములకు చిహ్నములు కల్పించెను. పందొమ్మిదవ శతాబ్దాంతమున మదరాసు సచివాలయోద్యోగి చిన్నస్వామి మొదలియారు మన కృతులను ఐరోపా స్వరలిపిలో ముద్రింప పూనుకొనెను. ఆయన ప్రోద్బలముననే బాలస్వామి దీక్షితులకు దత్తపుత్రుడైన సుబ్బరామ దీక్షితులు సంగీతసంప్రదాయప్రదర్శినియను మహాగ్రంథమును సిద్ధపఱచి 1904లో ఎట్టయాపురమున ప్రకటించిరి. తమిళదేశపు సంస్థానమున అచ్చైన ఆ గ్రంథము తెలుగు లిపిలో నున్నది. స్వరాక్షరములపై గమకచిహ్నములు పెట్టి, కంపితమునకు అలవంటి గీతను నియమించినారు. ఇంత శ్రమ చేసినను ఆ గీతను చూచి కంపితమును పలికింపగలవాడు ముందుగా దానిని వినియుండినవాడే. చిహ్నము జ్ఞప్తికి తెచ్చును గాని నేర్పజాలదు.

ఇక్కడ ఆకాశవాణి చరిత్రలో నొక ఘట్టమును చెప్పవలసియున్నది. హార్మోనియమను పెట్టెను 1842లో పారిసు నగరమున దెబేనను శిల్పి తన పేర నమోదు చేసికొనెను. అది మనదేశమునకు వచ్చి, చేతితో గాలియూదు చిన్న పెట్టెయై, భజనమందిరములలోను నాటకశాలలలోను కుదురుకొన్నది. దాని రీడ్లు ఒక్కొక్కటి ఒక్కొక్క స్వరమునకు బిగింపబడినవి. ఒక రీడునుండి మఱియొక రీడునకు దుముకవలెనే గాని జారుటకు వీలులేదు. గమకము పలుకజాలదను కారణమున 1940 మార్చి 1వ తేదీన ఆకాశవాణి తన కేంద్రములనుండి హార్మోనియమును వెలివేసినది. 1971 వఱకు ఆ నిషేధము నిలిచినది. ముప్పది యేండ్లు ఆకాశమున హార్మోనియము వినబడలేదు. నేలపై మాత్రము మన పల్లెలలో ప్రతి శనివారము భజనలో అదియే మ్రోగుచుండెను.

ఈ నిషేధమున ఎవరు ఒప్పు, ఎవరు తప్పు? గమకమే రాగమునకు ప్రాణమన్న వాదము శాస్త్రసమ్మతము. కాని పద్యనాటకమును చూచిన పెద్దలకు వేఱొక సత్యము తెలియును. నటుడు పద్యమునెత్తి రాగము తీయునప్పుడు హార్మోనియము నిలకడగా శ్రుతియు మెట్లును చూపుచుండును. ఆ మెట్లనడుమ జారుట, ఊగుట, ఒదుగుట కంఠము చేయును. పెట్టె దారి చూపినది, కంఠము నడచినది. కావున పెట్టెలో దోషమున్నది యనుటకంటె కంఠమునకు బదులు పెట్టెను గురువుగా నియమించుటలో దోషమున్నదనుట న్యాయము. మెట్లు మాత్రమే విని పెరిగిన బిడ్డకు మెట్లనడుమ నున్నది వినబడదు. ఈనాడు మీట నొక్కినంతనే స్వరము పలుకు విద్యుత్తు పెట్టెలకును ఈ మాట చెల్లును.

మర్రిగూడ సీమకు ఈ విషయమున ఒక బాధాకరమైన సంబంధమును గలదు. ఈ ప్రాంతపు భూగర్భజలములందు ఫ్లోరైడు అధికముగా నుండుటచే తరములతరబడి జనుల పండ్లు గారపట్టినవి. వెన్నులు వంగినవి. కీళ్లు బిగిసినవి. ముంజేయి తిరుగనివానికి, వ్రేళ్లు ముడువనివానికి తీగపై కంపితము ఎట్లు వచ్చును? నాగలి పట్టనీయని రోగము కిన్నెరనుకూడ పట్టనీయదు. వాద్యవిద్యకు చేతి కీలు ఎంత ముఖ్యమో ఇంతవఱకు చెప్పుకొంటిమి. ఆ కీలును కాపాడునది మంచినీరని ఈ సీమవారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. 2015లో చౌటుప్పలున పైలాను నెలకొల్పి ఆరంభించిన మిషన్ భగీరథ పథకము మూలమున నదీజలము ఇండ్లకు వచ్చినది. ఆ నీరు త్రాగి పెరుగుచున్న బిడ్డల చేతులు వారి తాతల చేతులకంటె స్వేచ్ఛగా కదలగలవు. ఆ చేతులకు మనమేమి నేర్పుదుమనునది ఇక మన బాధ్యత.

కీళ్లు బిగిసినవారికిని కంఠమున్నది. గమకము పుట్టినది కంఠమునందే. తీగ దానిని అనుకరించినది. రామదాసు కీర్తనలను, యక్షగాన దరువులను, బతుకమ్మ పాటలను పాత తీరున పాడగల పెద్దలు ప్రతి యూరను ఇంకను ఒకరిద్దరున్నారు. వారి పాటలోని ఊపు ఏ పుస్తకమునందును లేదు. పిల్లవాడు వారి ప్రక్కన కూర్చుండి, హార్మోనియము మూసిపెట్టి, ఒక్క పాటను వారు పాడినట్లే పాడువఱకు వదలక పాడినచో రాచకొండ వ్యాఖ్యాత విచారించిన విషయము వానికి వ్యాఖ్య లేకుండగనే తెలియును.

పెద్దలకు రెండు విన్నపములు. ఊరి జాతరకు సినిమాపాటల మేళమును పిలుచునప్పుడు అందు సగము గంటయైనను కిన్నెర మీటువానికి కేటాయింపుడు. ఆయనను వెలుపల నిలుపక వేదికపై కూర్చుండబెట్టుడు. భజనమందిరమున వారమున కొక్కనాడు పెట్టె లేకుండ, తంబురయు తాళములును మాత్రముంచి పాడించుడు. మొదటి వారము శ్రుతి తప్పవచ్చును. రెండవ వారమును తప్పవచ్చును. నాలుగైదు వారములకు చెవి మేల్కొనును. చెవి మేల్కొన్న పిమ్మట ఆ యూరి పిల్లవాడు ఫిడేలు పట్టినను, కిన్నెర పట్టినను, ఆరడుగుల డబుల్ బేసు ప్రక్కన నిలుచుండినను వాని వ్రేలికి ఏ స్వరమును ఎంత కదలింపవలెనో తెలియును.